ఆక్‌లో అర్రే వరుస: అపోహలు - వాస్తవాలు

ఆక్ (awk) అంటే టెక్స్ట్ ఫైళ్ళను లైను లైనుగా చదివి లెక్కలు కట్టే చిన్న భాష. అందులో అర్రే అంటే ఒక్కో విలువను ఒక్కో కీ (పేరు) కింద దాచుకునే పట్టిక. టీమ్‌లో కొత్తగా చేరినవాళ్ళ నుంచి నాకు తరచూ వచ్చే మెసేజ్ ఒకటుంది: "అన్నా, నిన్నటిదాకా స్క్రిప్ట్ బాగానే ఉంది, ఇవాళ లైన్లన్నీ అటూఇటూ అయిపోయాయి. డేటా పోయిందేమో!"

ముందు టెన్షన్ పడకండి. నిన్నటి అవుట్‌పుట్‌నీ ఇవాళ్టిదాన్నీ విడివిడిగా సార్ట్ చేసి డిఫ్ (రెండు ఫైళ్ళ తేడా చూపే కమాండ్) కొట్టండి. తేడా రాకపోతే మారింది వరుసే, డేటా భద్రంగా ఉంది.

అపోహ: అర్రేలోని కీలను ఒక్కొక్కటిగా తీసే ఫర్-ఇన్ లూప్ మనం వేసిన వరుసలోనే తిరుగుతుంది. టెస్ట్ చేసి చూశాం కదా!

వాస్తవం: తిరగదు. తిరిగినట్టు కనిపించిందంటే ఆ పూట అలా కలిసొచ్చింది, అంతే. 1977లో బెల్ ల్యాబ్స్‌లో ఆహో, వైన్‌బర్గర్, కెర్నిహాన్ ఆక్ రాసినప్పటి నుంచీ దాని అర్రేలు అసోసియేటివే, అంటే విలువ దొరికేది స్థానాన్నిబట్టి కాదు, కీనిబట్టి. మీరు 1, 2, 3 అని నంబర్లు ఇచ్చినా అవి లోపల స్ట్రింగ్ (అక్షరాల వరుస) కీల లెక్కే. సాధారణంగా వెనక ఉండేది హ్యాష్ టేబుల్, అంటే కీలను ఒక లెక్క ప్రకారం బకెట్లనే గదుల్లో పడేసే పట్టిక. ఏ కీ ఏ బకెట్‌లో పడిందో దాన్నిబట్టి లూప్ నడుస్తుంది. కీలు పెరిగి టేబుల్ పెద్దదైతే అన్నీ మళ్ళీ కొత్తగా సర్దుకుంటాయి. అందుకే స్క్రిప్ట్‌లో ఒక్క అక్షరం ముట్టకపోయినా, ఇన్‌పుట్‌లో ఒక్క కొత్త పేరు వస్తే చాలు, వరుస మొత్తం మారిపోవచ్చు. యూనిక్స్ తరహా సిస్టమ్‌లకు ఉమ్మడి నియమాలైన పోసిక్స్ స్టాండర్డ్ కూడా ఈ వరుసకు ఏ హామీ ఇవ్వదు. "అది బగ్, కొత్త వెర్షన్‌లో సరిచేశారు" అని ఎవరైనా చెబితే నమ్మకండి. బగ్ కానిదాన్ని సరిచేసేదేముంది?

పైథాన్ నుంచి వచ్చినవాళ్ళు ఇలా అనుకోవడంలో వింతేమీ లేదు. అక్కడ 3.7 నుంచి డిక్షనరీలో వేసిన వరుస నిలుస్తుందని భాషే హామీ ఇస్తుంది. ఆ అలవాటు ఇక్కడ పనికిరాదు.

ఈ అపోహ ఖరీదు ఎంతో ఒక చోట దగ్గర నుంచి చూశాను. బ్రాంచిల వారీగా అమ్మకాల రిపోర్టు. పేర్లు ఒక ఫైల్లో, ఆఫీసు వాడుకునే వరుసలో ఉన్నాయి. మొత్తాలు ఆక్ లెక్కగట్టి ఫర్-ఇన్‌తో ప్రింట్ చేసేది. రెండింటినీ పేస్ట్ కమాండ్‌తో పక్కపక్కన అతికించేవారు. నాలుగైదు బ్రాంచిలతో టెస్ట్ చేసినప్పుడు అంతా సరిపోయింది. బ్రాంచిలు పెరిగాక ఒకరి అంకె ఇంకొకరి పక్కన పడింది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు, కింద గ్రాండ్ టోటల్ పైసాతో సహా కరెక్టు! ఇక అనుమానం ఎవరికొస్తుంది? రిపేర్ల కోసం నెలంతా మూసేసిన బ్రాంచికి అమ్మకాలు కనిపించబట్టి దొరికింది గానీ, లేకపోతే అలాగే సాగిపోయేది. కీనీ విలువనీ ఒకే ప్రింట్‌లో వేసి ఉంటే ఈ గొడవే లేదు.

వరుస కావాలంటే దాన్ని మీరే దాచుకోవాలి. లైనును స్ప్లిట్ ఫంక్షన్‌తో ముక్కలు చేసి అర్రేలో వేసినప్పుడు అది ముక్కల సంఖ్యను తిరిగి ఇస్తుంది. దాన్ని పట్టుకుని 1 నుంచి అక్కడిదాకా మామూలు ఫర్ లూప్ తిప్పండి. పేర్లే కీలైతే, కొత్త పేరు తగలగానే దాన్ని ఇంకో అర్రేలో 1, 2, 3 నంబర్ల కింద రాసుకోండి. చివర్లో ఆ నంబర్ల మీద తిరిగితే ఫైల్లో వచ్చిన వరుసే వస్తుంది. ఒక్క జాగ్రత్త: "ఈ పేరు కొత్తదా" అని ఇన్‌తో (అర్రేలో ఆ కీ ఉందో లేదో చెప్పే in) చూసే లైను, మొత్తం కూడే లైను కంటే పైన ఉండాలి. కూడిక ముందు జరిగితే కీ అప్పటికే పుట్టేస్తుంది, ఏ పేరూ కొత్తదిగా కనిపించదు. విలువ ఖాళీగా ఉందా అని పోల్చి చూడటం కూడా వద్దు, ఆ చూడటంతోనే కీ తయారవుతుంది. ఈ పద్ధతి ఇప్పటి ఏ ఆక్‌లోనైనా నడుస్తుంది.

అపోహ: ప్రాక్‌ఇన్ఫో (PROCINFO) అనే ప్రత్యేక అర్రేలో సార్టెడ్-ఇన్ (ఫర్-ఇన్ ఏ వరుసలో తిరగాలో చెప్పే సెట్టింగ్) పెడితే చాలు.

గాక్‌లో (గ్నూ వాళ్ళ ఆక్) చాలు, 4.0 నుంచి ఉంది, నిజంగా బాగుంటుంది. కానీ మీ ల్యాప్‌టాప్‌లో గాక్, సర్వర్‌లో మాక్ (mawk, ఇంకో రకం ఆక్) ఉంటే? డెబియన్ లైనక్స్‌లో మామూలుగా ఆక్ అంటే మాక్. దానికి ప్రాక్‌ఇన్ఫో అంటే మీరు పేరు పెట్టుకున్న ఏదో ఒక అర్రే. నోరెత్తకుండా విలువ తీసుకుని, తనకు తోచిన వరుసలో ప్రింట్ చేస్తుంది. గాక్‌లో విలువలను సార్ట్ చేసే ఏసార్ట్ ఫంక్షన్ వాడి ఉంటే, మాక్ కనీసం అలాంటి ఫంక్షన్ లేదని మొరాయించేది. నా ఓటు మొరాయించేదానికే.

ఏసార్ట్‌కి రెండో అర్రే ఇవ్వకపోతే అసలు కీలు పోతాయి. విలువలు చక్కగా సార్ట్ అవుతాయి, పేర్ల బదులు 1, 2, 3 మిగులుతాయి. కీలను సార్ట్ చేసే ఏసార్ట్‌ఐ స్ట్రింగులుగా పోలుస్తుంది కాబట్టి 1, 10, 11, 2 అని వస్తాయి. నంబర్ల వరుస కావాలంటే ఆ మాట విడిగా చెప్పాల్సిందే. ఇక 01, 1 ఒకటే కీ అనుకునేవాళ్ళు ఒకసారి ప్రింట్ చేసి చూసుకోండి. ఫైల్లో నుంచి చదివినప్పుడు అవి రెండు వేర్వేరు కీలు.

ఇవన్నీ ఎందుకని ఎండ్ బ్లాక్‌లో (ఇన్‌పుట్ అంతా చదివాక నడిచే భాగం) ప్రింట్‌ని నేరుగా సార్ట్ కమాండ్‌కి పైప్ చేసేవాళ్ళున్నారు, అంటే అవుట్‌పుట్‌ని దానికి పంపేవాళ్ళు. నేనూ చేస్తాను, అది మంచి దారే. అయితే సార్ట్ తన ఇన్‌పుట్ ముగిసేదాకా ఏమీ బయటికి వదలదు. అందుకే లూప్ తర్వాత మీరు వేసిన టోటల్ లైను అడుగున ఉండాల్సింది పోయి పైకొచ్చి కూర్చుంటుంది. లూప్ అయిపోగానే, పైప్ తెరిచిన అదే కమాండ్ స్ట్రింగ్‌తో క్లోజ్ పిలిచి, ఆ తర్వాత టోటల్ ప్రింట్ చేయండి. స్ట్రింగ్‌లో ఒక్క స్పేస్ తేడా ఉన్నా ఆ పైప్ మూసుకోదు.