అడవి ప్లాన్ ఎవరిది? కొన్ని అపోహలు, వాస్తవాలు

కడప జిల్లా లంకమల కొండల చుట్టుపక్కల ఊళ్లలో, అటవీశాఖతో కలిసి ఊరివాళ్లే అడవిని చూసుకునే వన సంరక్షణ సమితులతో పనిచేస్తున్నా. సభ పెట్టిన ప్రతిచోటా ఈ మాటలే వినబడతాయి.

అపోహ: ఫారిన్ డబ్బు వచ్చిందంటే మన అడవి వాళ్లదైపోయినట్టే.

వాస్తవం: 1992 రియో సదస్సులో అడవుల మీద ఒప్పుకున్న సూత్రాల్లోనే, ఏ దేశపు అడవి మీద ఆ దేశానిదే అధికారమని ఉంది. బయటి సంస్థలు నిపుణుల్ని పంపుతాయి, డబ్బు సర్దుతాయి. ప్లాన్ గీసుకోవాల్సింది మనమే. మన దేశం 1999లో 20 ఏళ్లకు రాసుకున్న జాతీయ అటవీ కార్యాచరణ ప్రణాళికకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయం అలాంటిదే. ఇక 2002లో మన రాష్ట్రంలో మొదలైన కమ్యూనిటీ ఫారెస్ట్ మేనేజ్‌మెంట్ ప్రాజెక్టుకు ప్రపంచ బ్యాంకు ఇచ్చింది అప్పు. తీర్చేది మనం. ఏ ఊళ్లో ఎంత ఖర్చయిందని గట్టిగా అడగండి.

అపోహ: సభ పెట్టి రిజిస్టర్లో సంతకాలు తీసుకుంటే ప్రజల భాగస్వామ్యం అయిపోయినట్టే.

వాస్తవం: సిద్ధవటం వైపు ఒక ఊళ్లో మైక్రోప్లాన్ (ఆ ఊరి అడవికి వేసుకునే చిన్న ప్లాన్) కోసం రచ్చబండ ముందు ముగ్గుపిండితో ఊరి పటం వేయించాం. కొండకు ఎర్రమట్టి, వంకకు బూడిద, మొక్కలు నాటే బ్లాకుకు వేపాకు. అందరూ బాగుందన్నారు. వెనకాల నిలబడ్డ గొర్రెల కాపరి ముందుకొచ్చి, చేతికర్రతో వేపాకును పక్కకు నెట్టాడు. "సార్, ఎండాకాలం నీళ్లకు పొయ్యే దోవ ఇదే. కంచె ఏస్తే జీవాలు యాడికి పోవల్ల?" అన్నాడు. అప్పుడు ఒకామె గొంతు విప్పింది, బోద గడ్డి కోసుకునేది కూడా ఆ వాలులోనే అని. ఇద్దరి వేలిముద్రలూ అప్పటికే రిజిస్టర్లో పడిపోయున్నాయి!

బ్లాకును వంక అవతలికి జరిపాం. అంతకుముందు ఇంకో ఊళ్లో ఇట్లా అడక్కుండా కందకాలు తవ్విస్తే, జీవాలు దాటలేక కాపర్లే పూడ్చేసుకున్నారు. ఆ తప్పులో నాకూ భాగం ఉంది.

సమితిలో ఇంటికి ఒక మగ, ఒక ఆడ సభ్యులుండాలి. ఆడవాళ్లు కట్టెలకు పోయిన వేళ సభ పెడితే ఆ నిబంధన ఎవరికి పనికొస్తుంది? జీవాలు దొడ్డి చేరి, జనం బువ్వ తిన్నాక పెట్టాలి.

అపోహ: ముళ్లకంప నేల ఉత్త బీడు, చెట్లు నాటితేనే అడవి.

వాస్తవం: కలివికోడి అనే అరుదైన పిట్ట ఉండేది ఆ ముళ్లపొదల మధ్య ఖాళీ నేలలోనే. 1900 తర్వాత ఎవరికీ కనబడక, ఇక లేదనుకున్న పిట్ట అది. 1986లో రెడ్డిపల్లి దగ్గర రాత్రిపూట దాన్ని పట్టి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులకు చూపింది మన ఊరి మనిషే. దాని కోసం తెలుగుగంగ కాలువ దారే మార్చారు. అక్కడ గుబురుగా మొక్కలు నాటితే ఆ పిట్టకు చోటుండదు.

అపోహ: సమితి ఉంది కదా, అటవీ హక్కుల చట్టంతో పనేముంది?

వాస్తవం: సమితులు ప్రభుత్వ ఉత్తర్వులతో వచ్చినవి. అటవీ హక్కుల చట్టం 2006లో పార్లమెంటు చేసింది. సామూహిక అడవిని కాపాడుకునే హక్కుతో పాటు మేత హక్కూ అందులో ఉంది. నల్లమల చెంచులకే కాదు, మూడు తరాలుగా అడవిని నమ్ముకుని అక్కడే ఉంటున్నట్టు చూపగలిగితే గిరిజనేతరులకూ వర్తిస్తుంది. క్లెయిమ్ మొదలయ్యేది గ్రామసభలోనే.