మగవాళ్లపై అత్యాచారం: చట్టం చుట్టూ ఉన్న అపోహలు, అసలు వాస్తవాలు

క్రిమినల్ కేసులు చూసే లాయర్‌గా నాకు రెండు రకాల మాటలు వినిపిస్తుంటాయి. "మగాడిపై రేప్ ఏంటండీ?" అని కొందరంటారు. "ఇప్పుడు చట్టం అందరికీ ఒకటే కదా" అని ఇంకొందరు. రెండూ తప్పే. మన దేశంలో దీనికి జవాబు బాధితుడి వయసును బట్టి, నేరం జరిగిన తేదీని బట్టి మారుతుంది.

అపోహ: కొత్త చట్టంలో రేప్ సెక్షన్ మగవాళ్లకూ వర్తిస్తుంది.

వర్తించదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో రేప్‌ను నిర్వచించేది 63వ సెక్షన్. పాత ఐపీసీ 375లాగే ఇక్కడా నిందితుడు పురుషుడు, బాధితురాలు స్త్రీ. పద్దెనిమిదేళ్లు నిండిన మగవాడికి అందులో చోటు లేదు.

పైగా ఉన్న ఆసరా కూడా పోయింది. ఒక మగవాడు ఇంకో మగవాడిని బలవంతం చేస్తే ఐపీసీ 377 కింద యావజ్జీవం దాకా శిక్ష వేసే వీలుండేది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను పూర్తిగా కొట్టేసిందని చాలామంది అనుకుంటారు. నిజానికి పెద్దవాళ్లు పరస్పర ఇష్టంతో చేసేది నేరం కాదని మాత్రమే కోర్టు చెప్పింది. బలవంతం నేరంగానే మిగిలింది. కొత్త సంహితలో ఆ సెక్షనే లేకుండా పోయింది. బలవంతం వరకైనా ఉంచమని 2023లో పార్లమెంటరీ స్థాయీ సంఘం చెప్పినా వినలేదు. 2024 జూలైకి ముందు జరిగిన నేరానికి మాత్రం 377 కింద ఇప్పటికీ కేసు పెట్టొచ్చు.

ఇందులో ఒక విడ్డూరం ఉంది. అసహజ కామం తీర్చుకోవడానికి ఎవరైనా మీద పడితే, ఆత్మరక్షణ కోసం అతని ప్రాణం తీయాల్సి వచ్చినా కొత్త సంహితలోని 38వ సెక్షన్ మన పక్షాన నిలుస్తుంది. అదే దాడిని ఆపలేకపోయిన మగవాడికి మాత్రం ఆ నేరాన్ని దాని పేరుతో చెప్పే సెక్షన్ ఒక్కటీ లేదు.

అపోహ: మగపిల్లలకూ ఇదే గతి.

కాదు. పిల్లలపై లైంగిక నేరాల కోసం 2012లో వచ్చిన పోక్సో చట్టానికి ఆడా మగా తేడా లేదు. పద్దెనిమిదేళ్ల లోపు ఎవరైనా సరే. బలవంతమా, ఇష్టమా అన్న ప్రశ్నే రాదు. 2019 సవరణ తర్వాత శరీరంలోకి చొరబడే లైంగిక దాడికి కనీసం పదేళ్లు, బాధితుడు పదహారేళ్ల లోపువాడైతే కనీసం ఇరవై ఏళ్లు శిక్ష. విషయం తెలిసీ పోలీసులకు చెప్పకపోవడం కూడా నేరమే. "మగపిల్లాడేగా, మర్చిపోతాడు" అనే పెద్దలు ఇది గుర్తుపెట్టుకోవాలి.

అపోహ: శరీరం స్పందించిందంటే ఇష్టపడినట్టే.

బాధితులు ఫిర్యాదు దాకా రాకపోవడానికి ఇదో పెద్ద కారణం. భయంలోనూ, నొప్పిలోనూ అంగస్తంభన, స్ఖలనం జరగొచ్చు. అవి మన చేతుల్లో ఉండవు. అలాగే కండలు తిరిగినవాడు కూడా భయంతో కొయ్యబారిపోవచ్చు. ఎదురు తిరగలేదంటే ఒప్పుకున్నట్టు కాదు.

అపోహ: మగవాళ్లను బాధితులుగా గుర్తిస్తే ఆడవాళ్లకు నష్టం.

రెండు వేర్వేరు ప్రశ్నల్ని కలిపేయడం వల్ల వచ్చిన గొడవ ఇది. బాధితులు ఎవరైనా కావచ్చనడం ఒకటి, నిందితులు ఎవరైనా కావచ్చనడం మరొకటి. రెండోదానిపై మహిళా సంఘాల భయం నాకు అర్థమవుతుంది. ఫిర్యాదు చేసిన అమ్మాయిపైనే తిరిగి రేప్ కేసు పెట్టే ప్రమాదం ఉంది. మొదటిదానిలో ఆ ప్రమాదం లేదు. ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత చట్టంలో మార్పులు సూచించడానికి వేసిన జస్టిస్ వర్మ కమిటీ 2013లో చెప్పింది కూడా మొదటిదే. ఆ ఫిబ్రవరిలో వచ్చిన ఆర్డినెన్స్ రెండు వైపులా లింగభేదం తీసేసింది. ఏప్రిల్‌లో చట్టం అయ్యేసరికి రెండు వైపులా పాత మాటే వచ్చింది. వర్మ కమిటీ దారే సరైనదని నా అభిప్రాయం. ఇంగ్లండ్‌లో 1994 నుంచే మగవాళ్లు కూడా రేప్ బాధితులు. అక్కడ నిందితుడు మాత్రం ఇప్పటికీ పురుషుడే.

అపోహ: సెక్షన్ లేదు కాబట్టి స్టేషన్‌కు వెళ్లడం దండగ.

వెళ్లాలి. సెక్షన్ వెతకడం మీ పని కాదు, జరిగింది జరిగినట్టు రాయడమే మీ పని. గాయపరచడం, నిర్బంధించడం, బెదిరించడం, ఇవన్నీ నేరాలే. లైంగిక దాడి కోసం ఎత్తుకెళ్తే సంహిత 140వ సెక్షన్ కింద పదేళ్ల దాకా పడుతుంది. వీడియో తీస్తే ఐటీ చట్టం 66ఈ మగవాళ్లకూ పనికొస్తుంది. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు, దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. తీసుకోకపోతే ఫిర్యాదును ఎస్పీకి పంపండి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరకు వెళ్లండి. అన్నిటికంటే ముందు, స్నానం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి, ఆ బట్టలు ఉతక్కుండా కాగితం కవర్‌లో దాచండి.

పేరు బయటకు వస్తుందన్న భయం నిజమైనదే. రేప్ బాధితురాలి పేరు బయటపెట్టడాన్ని నేరంగా పేర్కొన్న సంహిత 72వ సెక్షన్ పద్దెనిమిదేళ్లు దాటిన మగవాడికి వర్తించదు. అయితే బయటివాళ్లను పంపేసి విచారణ జరిపే అధికారం జడ్జికి ఉంది. దానికోసం మొదట్లోనే పిటిషన్ వేయమని మీ లాయర్‌ను అడగండి.