ఆ నాలుగో స్వరం ఆగిన తర్వాత

మా ఇంటర్ పిల్లల్లో ఒకమ్మాయి ఫోన్లో బీథోవెన్ ఐదో సింఫనీ (పెద్ద వాద్యబృందం కలిసి వాయించే పాశ్చాత్య సంగీత రచన) వెతికి, మరునాడు వచ్చి అడిగింది: "సార్, రాసిన స్వరాలు ఒక్కటే కదా, మరి ఇన్నిసార్లు రికార్డు చేసుడు ఎందుకు?" చాలామంది వేగం తేడా అని చెప్పి వదిలేస్తారు. అదీ నిజమే. కానీ నాకు బాగా నచ్చే జవాబు మా హన్మకొండ ఫంక్షన్ హాళ్లలో ఉంది.

పెళ్లికి ముందురోజు, మండపం కడుతున్నప్పుడు హాల్లోకి వెళ్లి గట్టిగా ఒక్క చప్పట్ కొట్టి చూడండి. టైల్స్ నేల, సిమెంటు గోడలు. ఆ చప్పుడు ఎంతకీ చావదు. మైకులో ఎవరైనా నాలుగు మాటలు మాట్లాడితే ఒకదాని మీద ఒకటి పడి ముద్దయిపోతాయి. తెల్లారి జనం నిండాక అదే మైకులో అయ్యగారి మంత్రం అక్షరం అక్షరం వినిపిస్తుంది. కొత్తగా వచ్చింది మనుషులే. ఒళ్లు, బట్టలు శబ్దాన్ని పీల్చుకుంటాయి.

దీన్ని లెక్కలోకి తెచ్చినవాడు హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పిన వాలెస్ సాబిన్. 1895లో అక్కడి ఫాగ్ మ్యూజియం లెక్చర్ హాల్లో పాఠం ఎవరికీ అర్థం కావట్లేదని, దాన్ని సరిచేసే పని ఆయనకు అప్పగించారు. వేరే థియేటర్ నుంచి సీట్ల మెత్తలు మోయించుకొచ్చి పరుస్తూ, తీస్తూ, రాత్రిళ్లు ఊరు సద్దుమణిగాక ఆర్గాన్ గొట్టం మోగించి ఆపి, చప్పుడు పూర్తిగా అణగడానికి ఎంతసేపు పడుతుందో కొలిచాడు. తేలిన సూత్రం చిన్నది: హాలు ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, శబ్దాన్ని పీల్చే వైశాల్యంతో భాగించాలి. వచ్చేది ప్రతినాద కాలం, అంటే శబ్దం 60 డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) పడిపోవడానికి పట్టే సెకన్లు.

30 మీటర్ల పొడవు, 15 వెడల్పు, 5 ఎత్తు ఉన్న హాలు అనుకుందాం: 2250 ఘనపు మీటర్లు. ఖాళీ హాలు పీల్చేది 60 చదరపు మీటర్లనుకుంటే ప్రతినాదం 6 సెకన్లు. మనిషికి అర చదరపు మీటరు చొప్పున 400 మందిని కూర్చోబెడితే పీల్చేది 260 అవుతుంది, ప్రతినాదం 1.4 సెకన్లకు దిగుతుంది. తొమ్మిదో తరగతిలో ప్రతిధ్వనికి 17 మీటర్ల దూరం ఉండాలని బట్టీ పట్టిస్తాం, ఒక్క చప్పట్ కొట్టి చూపించం. అందుకే పాడుబడ్డ బంగ్లాలో గొంతు సాగి వినిపిస్తే దయ్యమని నమ్మే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు.

ఇక సింఫనీ. మొదట రెప్పపాటు నిశ్శబ్దం, తర్వాత మూడు పొట్టి స్వరాలు, నాలుగోది పొడుగు. బీథోవెన్ అడిగిన వేగం నిమిషానికి 108 దరువులు, ఒక్కో దరువులో నాలుగు పొట్టి స్వరాలు. అంటే ఒక్కో స్వరానికి 0.139 సెకను. ప్రతినాదం 2 సెకన్లున్న హాల్లో అంతలో శబ్దం తగ్గేది 4 డెసిబెల్సే. రెండో స్వరం మొదలయ్యేసరికి మొదటిదాని శక్తిలో 38 శాతం ఇంకా గాలిలోనే ఉంటుంది! 1 సెకను హాల్లో తగ్గేది 8 డెసిబెల్స్, మిగిలేది 15 శాతం. వేగాన్ని 80 దరువులకు తగ్గిస్తే 2 సెకన్ల హాల్లోనూ మిగిలేది 27 శాతానికి దిగుతుంది. కాబట్టి ఎంత వేగంగా వాయించాలన్నది వాద్యబృందాన్ని నడిపించే కండక్టర్ ఒక్కడి ఇష్టం కాదు, హాలు కూడా ఒప్పుకోవాలి.

అందుకే ఆ అమ్మాయికి రెండూ వేగంగా సాగే రికార్డింగులే వినిపించాను. ఒకటి 1939లో కండక్టర్ టోస్కనీనీ న్యూయార్క్‌లోని ఎన్‌బీసీ రేడియో స్టూడియో 8-హెచ్‌లో చేసింది. ఆ గది పొడిగా, అంటే ప్రతినాదం తక్కువగా, ఉంటుందని పేరు. స్వరాలు సుత్తితో మేకు కొట్టినట్టు పడతాయి, నాలుగోది ఆగగానే టక్కున నిశ్శబ్దం. రెండోది 1974లో కండక్టర్ కార్లోస్ క్లైబర్ వియన్నా ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందంతో ఆ ఊళ్లోని మ్యూజిక్‌ఫెరైన్ హాల్లో చేసింది. జనం నిండి ఉన్నా ఆ హాల్లో ప్రతినాదం 2 సెకన్ల దాకా ఉంటుంది, ఖాళీగా ఉంటే ఇంకా ఎక్కువ. అక్కడ నాలుగో స్వరం ఆగాక కూడా తోక సాగుతుంది, తర్వాతి మూడు స్వరాలు ఆ తోక మీదే వచ్చి కూర్చుంటాయి. మైకులు ఎంత దగ్గర పెట్టారన్నది కూడా ఇందులో కలుస్తుంది. 1913లో నికిష్ అనే కండక్టర్ చేసిన రికార్డింగులో అసలు మైకే లేదు, వాద్యగాళ్లంతా శబ్దాన్ని పట్టే ఒక కొమ్ము ముందు ఇరుక్కుని కూర్చుని వాయించారు. హాలు జాడే వినపడదు.

ఆ అమ్మాయి మొదటిసారి ఫోన్ స్పీకర్లో విని "రెండూ ఒక్కతీర్గనే ఉన్నయి సార్" అంది. తప్పు ఆమెది కాదు. మా స్టాఫ్ రూమ్‌లో ఇనుప బీరువాలు, ఉత్త గోడలు. ఆ గది ప్రతినాదం రెండింటికీ సమానంగా అంటుకుంది. ఇయర్‌ఫోన్లు పెట్టించి, నాలుగో స్వరం దగ్గర కళ్లు మూసుకోమన్నాను.