పిల్లర్ నెంబరు, తోడి గాంధారం

మా పై అంతస్తులో వీణ టీచరుగారు ఒకరున్నారు. పోయిన నెల ఓ సాయంత్రం కరెంటు పోయి లిఫ్ట్ ఆగిపోతే, మెట్లెక్కలేక కాసేపు మా ఇంట్లో కూర్చున్నారు. బల్ల మీద జాయ్‌స్టిక్ చూసి, "ఇదేంటి బాబూ, కారు గేరు రాడ్డా?" అన్నారు. ఎర్రగడ్డ ఆదివారం సంతలో కొన్నది. "పనిజేస్తది సార్, నూటయాభై ఇయ్యండి" అన్నాడు అమ్మినాయన. దాంతో కంప్యూటర్‌లో సంగీతం వాయించే పనిలో ఉన్నానని చెప్పాను. ఆవిడ ఒక్కటే అడిగారు: "దీంతో తోడి గాంధారం పలుకుతుందా?"

తోడి రాగంలో 'గ' స్వరం అది, ఒకచోట నిలవకుండా ఊగుతూ పలకాలి. పలుకుతుందో లేదో చెప్పడానికి నాకు మూడు వారాలు పట్టింది. తప్పు జాయ్‌స్టిక్‌ది కాదు. చేతికీ సంగీతానికీ మధ్య కూర్చున్న సాఫ్ట్‌వేర్‌ది.

నేను వాడే ఆ సాఫ్ట్‌వేర్ పేరు ప్యూర్ డేటా. కోడ్ టైపు చేసే పని తక్కువ. తెర మీద చిన్న చిన్న పెట్టెలు గీసి, వాటిని తీగలతో కలుపుతాం. ఒక పెట్టె అంకెలు ఇస్తుంది, ఒకటి హెచ్చవేస్తుంది, ఒకటి శబ్దం పుట్టిస్తుంది. దీన్ని రాసిన మిల్లర్ పకెట్టే 1980ల్లో పారిస్‌లోని ఇర్కామ్ అనే సంగీత పరిశోధన సంస్థలో దీనికి అన్నలాంటి మాక్స్‌నీ రాశాడు. ఆ పేరు మాక్స్ మాథ్యూస్ పేరు. 1957లో బెల్ ల్యాబ్స్‌లో కంప్యూటర్‌తో శబ్దం చేయించిన మనిషి ఆయన. చరిత్ర ఇక్కడికి చాలు.

మిడి కీబోర్డు తగిలిస్తే ప్యూర్ డేటా వెంటనే గుర్తుపడుతుంది. మిడి అంటే వాయిద్యాలూ కంప్యూటర్లూ మాట్లాడుకునే భాష. 1983 నుంచీ ఉంది, పుట్టిందే సంగీతం కోసం. దాంట్లో ఒక మీట కదలిక అంటే 0 నుంచి 127 దాకా ఒక అంకె. జాయ్‌స్టిక్, మౌస్, గేమ్‌ప్యాడ్‌లది వేరే కులం, హెచ్‌ఐడీ (హ్యూమన్ ఇంటర్‌ఫేస్ డివైస్) అంటారు. అవి ఏ అంకెలు పంపాలో తయారుచేసేవాళ్లు ఎవరికి వాళ్లే నిర్ణయించుకుంటారు. అసలు చిక్కు ఇక్కడే.

హైదరాబాద్‌లో ఉండేవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే కింద ఎవర్ని అడ్రసు అడిగినా పిల్లర్ నెంబరే చెప్తారు. పిల్లర్ నెంబరు చెప్తే నువ్వెక్కడి నుంచి వచ్చినా ఒకటే, అక్కడికే చేరతావు. జాయ్‌స్టిక్ మాట్లాడేది ఈ భాష: "నేను 128లో ఉన్నా." మౌస్ అలా కాదు. ఆటో అతనికి ఫోన్లో చెప్పినట్టు, "ఇంకో మూడు పిల్లర్లు ముందుకు రా, ఆఁ, ఒకటి వెనక్కి" అంటుంది. బయల్దేరిన చోటు తెలియకపోతే ఆ మాటకి విలువే లేదు. నా కంప్యూటర్‌ని నడిపే లినక్స్ ఈ రెండింటినీ వేర్వేరు రకాలుగా రాస్తుంది. నా జాయ్‌స్టిక్‌ని పక్కకి వంచితే "3, 0, 128" వస్తుంది: 3 అంటే పిల్లర్ నెంబరు రకం, 0 అంటే అడ్డం అక్షం, 128 విలువ. మౌస్ కదిపితే "2, 0, -3": 2 అంటే 'ఇంకొంచెం' రకం, మూడు అడుగులు వెనక్కి. ప్యూర్ డేటాలోని పాత పెట్టెలు కొన్ని ఈ తేడాను చెరిపేసి రెండింటినీ ఒకే అంకెల వరదలా పంపేవి. సంగీతం చేసేవాడు ఎక్కడ మునుగుతున్నాడో అతనికే తెలిసేది కాదు.

ఇంతటితో అయిపోలేదు. మెట్రో స్తంభాలకైతే నెంబరు ముందు అక్షరం కూడా ఉంటుంది. 'పిల్లర్ 200' అంటే ఏ రోడ్డు మీద? అచ్చం అలాగే, అదే అడ్డం అక్షం లినక్స్‌లో 0. మ్యాక్‌లో హెచ్‌ఐడీ లెక్క ప్రకారం 1వ పుటలో 48వ నెంబరు. కీబోర్డు మీద 'ఎ' మీట లినక్స్‌కి 30, హెచ్‌ఐడీకి 7వ పుటలో 4. ఒక యంత్రం మీద గీసిన ప్యాచ్ (పెట్టెలూ తీగలూ కలిసిన బొమ్మ) ఇంకోదాని మీద మూగబోయేది. లినక్స్‌లోనే మౌస్‌కి ఒక పెట్టె, జాయ్‌స్టిక్‌కి ఒక పెట్టె ఉండేవి. హాన్స్ క్రిస్టోఫ్ స్టైనర్ ఈ గొడవంతా ఒక్క పెట్టెలోకి తెచ్చే పని చేపట్టి, 2005లో దాన్ని ఒక సదస్సులో వివరించాడు. నాకు నచ్చిన సంగతి: అంకెల బదులు పేర్లు, పేరు వెనక విలువని 0 నుంచి 1 దాకా భిన్నంగా మార్చడం. నీ రోడ్డుకి ఎన్ని పిల్లర్లున్నాయో నాకెందుకు? మెహిదీపట్నం 0, ఆరాంఘర్ 1, నువ్వెక్కడున్నావో చెప్పు. సగంలో ఉంటే 0.5. 255 మెట్ల జాయ్‌స్టిక్ తీసేసి 1023 మెట్లది పెట్టినా ప్యాచ్‌లో గీత మార్చక్కర్లేదు.

మరి రోడ్డు చివర ఎక్కడో పెట్టెకి ఎలా తెలుస్తుంది? చూసుకుంటూ పోవడం ఒక దారి: ఇప్పటిదాకా కనబడిన పెద్ద అంకే చివర. ఇది ఊరికి కొత్తగా వచ్చినవాడు అత్తాపూర్ దాకా వెళ్లి, హైదరాబాద్ ఇక్కడితో అయిపోయింది అనుకోవడం లాంటిది. మొదటి కదలికకే విలువ ఎగిరి 1కి పోతుంది, స్పీకర్లు కీచుమంటాయి. రెండో దారి, యంత్రాన్నే అడగడం. ప్రతి హెచ్‌ఐడీ పరికరం తగిలించగానే తన హద్దులు తనే రాసి ఇస్తుంది. నాది 0 నుంచి 255 అంటుంది. కానీ ఎర్రగడ్డ సరుకు కదా, నిజంగా తిరిగేది 21 నుంచి 236 దాకానే. బోర్డు ఆరాంఘర్, బస్సు తిప్పేది ఉప్పర్‌పల్లిలో. కాబట్టి కొత్త రూపకల్పనలో యంత్రం మాటా ఉండాలి, మనిషి దిద్దుకునే వీలూ ఉండాలి. ఒకటే చాలనేవాళ్లు పాత జాయ్‌స్టిక్ కొని ఉండరు.

ఇంకో చిక్కు పరికరాల వరస. తీసి మళ్లీ గుచ్చితే ఐదో నెంబరు పరికరం ఏడోది కావచ్చు. కచేరీ చేసే మిత్రుడొకడు ఎప్పుడూ ఎడమ పక్క రెండో పోర్టులోనే గుచ్చేవాడు, వేరే చోట పెడితే 'కలిసిరాదు'. పోర్టు వాస్తు! పరికరాన్ని నెంబరుతో కాక పేరుతో తెరిస్తే ఆ దోషం పోయింది, నిమ్మకాయ కట్టక్కర్లేకుండానే.

ఇక గాంధారం. మెట్టు మెట్టుగా గెంతే సంగీతం మీద మనవాళ్లకి పాత పంచాయతీ ఉంది. గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, కుదరదన్నది ఒక కారణంగా ఆలిండియా రేడియో 1940లో హార్మోనియాన్ని బహిష్కరించింది, 1971లో గానీ ఆ పట్టు సడలలేదు. జాయ్‌స్టిక్‌కీ మెట్లున్నాయి. స్వరాల మధ్య దూరాన్ని సెంట్లలో కొలుస్తారు: స్థాయికి, అంటే స నుంచి పై స దాకా, 1200 సెంట్లు. నేను మొదట మొత్తం కదలికని రెండు స్థాయిలకి పరిచాను: 2400ని 255తో భాగిస్తే మెట్టుకి 9.4 సెంట్లు. సాధన ఉన్న చెవి ఐదారు సెంట్ల తేడా పట్టేస్తుంది. తోడి గాంధారం రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతుంది, అంటే సుమారు 400 సెంట్లు, నా దగ్గర 42 మెట్లు. టీచరుగారు వినగానే, "గులకరాళ్ల మీద చక్రం పోతున్నట్టుంది" అన్నారు.

కాలంలోనూ మెట్లున్నాయి. యూఎస్‌బీలో ఈ పరికరాలు తమంతట తాము మాట్లాడవు, కంప్యూటర్ అడిగినప్పుడే చెప్తాయి. అయినా ఆ పద్ధతిని 'ఇంటరప్ట్' అంటారు. మాకు కాలేజీలో రెండు మార్కులకి ఆ పేరు బట్టీ పట్టించారు, ఎవరు ఎవర్ని అడుగుతారో చెప్పలేదు. నా జాయ్‌స్టిక్‌ని 8 మిల్లీసెకన్లకోసారి అడుగుతుంది. ఆ లోపల సెకనుకి 44,100 చొప్పున 353 నమూనాల (శబ్దాన్ని కొలిచిన అంకెల) శబ్దం వెళ్లిపోతుంది, అంతసేపూ స్వరం ఒకే చోట నిలబడి, తర్వాత గెంతుతుంది. రెండు పిల్లర్ల మధ్య ఉన్న చాయ్ బండికి అడ్రసు లేదన్నమాట. మందు తేలికే: పాత విలువ నుంచి కొత్త విలువకి 8 మిల్లీసెకన్ల పాటు వాలు గీసే పెట్టె ప్యూర్ డేటాలో ఎప్పటినుంచో ఉంది.

ఈ నునుపు పని జాయ్‌స్టిక్ పెట్టే తనంతట తాను చేసెయ్యాలని కొందరంటారు. నేనొప్పుకోను. సెకనుకి ఐదు ఊపులు ఊపితే ఒక్కో ఊపుకి దొరికేవి 25 కొలతలు. 100 మిల్లీసెకన్ల నునుపు పూస్తే ఊపులో మూడోవంతుకి పైగా ఆవిరి. వాల్యూమ్‌కి మేలు చేసేదే గమకాన్ని చంపుతుంది. ఎంత నునుపో వాయించేవాడు తేల్చుకోవాలి, పెట్టె పని ఉన్నదున్నట్టు అందివ్వడం.

మూడో వారం టీచరుగారు మళ్లీ వచ్చి, పుల్లని పట్టుకుని వంచి వదిలారు. స్ప్రింగు దాన్ని మధ్యకి లాగింది. నేను ఆ మధ్యకి గాంధారం పెట్టాను, అటూ ఇటూ ఊగొచ్చు కదా అని. ఆవిడ తల అడ్డంగా ఊపారు. "వీణ మీద దీన్ని రిషభం మెట్టు మీద తీగ లాగి పలికిస్తాం నాయనా. వదిలితే రిషభానికి రావాలి, గాంధారానికి కాదు. తీగ ఒక పక్కకే లాగుతాం, స్వరం పైకే పోతుంది."

సగం జాయ్‌స్టిక్ వదిలేశాను. విశ్రాంతి విలువ 131 దగ్గర రిషభం, 236 దగ్గర మధ్యమం: 105 మెట్లు, మెట్టుకి 3.8 సెంట్లు. ఆవిడ కళ్లు మూసుకుని నాలుగుసార్లు లాగి వదిలారు. ఐదోసారికి పుల్ల మీద చెయ్యి నెమ్మదించింది.

"స్ప్రింగు కాస్త వదులుది దొరుకుతుందేమో చూడు" అన్నారు.