ఒక్క యూనిట్ కరెంటుతో బండి

పిల్లలూ,

సంక్రాంతికి వచ్చినప్పుడు "తాతయ్యా, అక్కవాళ్ల కాలేజీలో చేసిన కరెంటు స్కూటర్ నిజంగానే నడుస్తుందా?" అని అడిగారు. చెబుతుంటే గాలిపటం తెగిందని డాబా మీదకి పరిగెత్తారు. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను.

నడుస్తుంది. వెనక కూర్చుని నేనే చూశాను. బాలానగర్‌లో ముప్పై ఏళ్లు లేతు మీద పనిచేసినవాణ్ని కాబట్టి, వెనక చక్రం బిగించే ప్లేటు కోసం ఆ కాలేజీ పిల్లలు నా దగ్గరికి వచ్చారు. అప్పటి నుంచి సాయంత్రాలు నేనే వాళ్ల షెడ్డుకి వెళ్లడం మొదలుపెట్టాను.

తుక్కులో కొన్న పాత స్కూటర్‌కి ఇంజిన్ పీకేశారు. మోటారు చక్రంలోనే ఉంటుంది, హబ్ మోటారు అంటారు. మీ హాల్లో సీలింగ్ ఫ్యాను ఉంది కదా, దాని మధ్యభాగం కదలదు, చుట్టూ ఉన్నది తిరుగుతుంది. ఇదీ అంతే. మధ్యలో రాగి తీగ చుట్టలు, బయట అయస్కాంతాలు. ఏ చుట్టకి ఎప్పుడు కరెంటు ఇవ్వాలో కంట్రోలర్ చూసుకుంటుంది. వైర్లు, కనెక్టర్లు కోఠీ గుజరాతీ గల్లీలో దొరికాయి. ఇంతవరకూ పెద్ద కష్టం లేదు.

అసలు పని బ్యాటరీ దగ్గర. నా బొటనవేలంత సెల్స్ ఉంటాయి, 18650 అంటారు. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు. ఒక్కోటి సుమారు 3.7 వోల్టులు. ఎనిమిదేసి పక్కపక్కన కలిపి ఒక గుంపు, అలాంటి 13 గుంపులు ఒకదాని వెంట ఒకటి. మొత్తం 104 సెల్స్, 48 వోల్టులు. అందులో పట్టేది దాదాపు ఒక యూనిట్ కరెంటు, మీ ఇంటి బిల్లులో వచ్చే యూనిట్టే. దాంతో బండి ముప్పై కిలోమీటర్లకి పైనే వెళ్తుంది. లీటరు పెట్రోల్లో సుమారు తొమ్మిది యూనిట్ల శక్తి ఉంటుంది, అయినా స్కూటర్ యాభై కిలోమీటర్లు దాటడం కష్టం. మిగతాదంతా వేడిగా పోతుంది. మొన్న చిన్నోడి కాలికి సైలెన్సర్ తగిలి బొబ్బ లేచింది చూడండి, ఆ వేడే.

మొదటి ప్యాక్‌తో బండి తొమ్మిది కిలోమీటర్లు కూడా వెళ్లలేదు. కాలేజీ గేటు దగ్గర ఎత్తు ఎక్కుతూ టక్కున ఆగిపోయింది. పిల్లల ముఖాలు చూడలేకపోయాను. డబ్బు తక్కువని పాత సెల్స్ కొని, కొలవకుండానే వెల్డింగ్ చేసేశారు. విప్పి చూస్తే ఏడో గుంపు నీరసంగా ఉంది. బీఎమ్మెస్ అని ఒక చిన్న బోర్డు ప్రతి గుంపునీ కాపలా కాస్తుంది. ఏ ఒక్కటి హద్దు కంటే కిందికి దిగినా మొత్తం బండినే ఆపేస్తుంది. పన్నెండు గుంపులు నిండుగా ఉన్నా లాభం లేదు.

ఈసారి కొత్తవి తెచ్చారు. గుంపులన్నీ సమానంగా ఉండాలని, నాలుగేసి చొప్పున పూర్తిగా నింపి, ఖాళీ చేసి, ఎంత పట్టిందో ప్రతి సెల్ మీదా మార్కర్‌తో రాశారు. 2590, 2610, 2580, ఇలా మిల్లీ ఆంపియర్-అవర్లలో. రెండు వారాలు అదే పని. ఆ అంకెలు రాసిన అమ్మాయి చేతిరాత ముత్యాల్లా ఉంటుంది, నాకు భలే నచ్చింది.

ఆ బండిని రోడ్డు మీదకి తేలేదు, కాలేజీ లోపలే తిప్పారు. పాత బండికి మోటారు పెట్టాలంటే ఆమోదం పొందిన కిట్ ఉండాలి, ఆర్టీఏలో రాయించాలి. 250 వాట్ల లోపు, గంటకి 25 కిలోమీటర్లు దాటని బండికైతే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మీరు సైకిల్‌కి మోటారు పెట్టుకుందాం అనుకున్నా ఈ హద్దు దాటొద్దు.

ఇంకొక్క మాట. 2022 సెప్టెంబరులో మన సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు లేచి, పైనున్న లాడ్జిలో ఎనిమిది మంది చనిపోయారు. అందుకే చార్జింగ్ ఎక్కడ పెడుతున్నాం అన్నది నాకు అంత టెన్షన్. బయటికి వెళ్లే దారిలో, మెట్ల కింద అసలు పెట్టకూడదు. ఎండలో తిరిగొచ్చిన బండిని కాసేపు చల్లారనివ్వాలి.

మీ నాన్న బండి ప్లగ్గు మెట్ల కిందే ఉంది. వరండా గోడకి వేరే సాకెట్ వేయించమని ఫోన్‌లో రెండుసార్లు చెప్పాను. వేయించాడో లేదో చూసి నాకు రాయండి.

మీ తాతయ్య