రికార్డో నాలుగు సంఖ్యలు

అన్ని వస్తువులనూ మనకంటే తక్కువ శ్రమతో తయారు చేసుకోగల దేశంతో వర్తకం చేస్తే మనకు నష్టం తప్ప ఏం మిగులుతుందని ఒక పాఠకుడు అడిగారు. 1799లో అర్థశాస్త్రవేత్త ఆడమ్ స్మిత్ గ్రంథం చదివి అర్థశాస్త్రం వైపు మళ్లిన లండన్ షేర్ల వ్యాపారి డేవిడ్ రికార్డో, 1817లో వెలువరించిన ‘రాజకీయ అర్థశాస్త్రం, పన్నుల విధింపు సూత్రాలు’ ఏడో అధ్యాయంలో సరిగ్గా ఈ సందేహానికే నాలుగు సంఖ్యలతో జవాబు చెప్పాడు.

లెక్క సులువు కోసం ఒక బేలు బట్ట, ఒక పీపా వైన్ అందాం. ఏడాది పాటు ఇంగ్లండులో బేలుకు 100 మంది, పీపాకు 120 మంది పనిచేయాలి. పోర్చుగల్‌లో బేలుకు 90, పీపాకు 80 మంది చాలు. రెండింటిలోనూ పోర్చుగల్‌దే పైచేయి. అయినా, రెండూ స్వదేశంలోనే చేసుకుంటే 220 మంది కావలసిన ఇంగ్లండు, రెండు బేళ్లు నేసి ఒకటి ఇచ్చి పీపా తెచ్చుకుంటే 200 మందితో సరిపెట్టుకుంటుంది. రెండు పీపాలు చేసి ఒకటి ఇచ్చే పోర్చుగల్‌కు 170 మందికి బదులు 160 మంది చాలు. కొత్త యంత్రమేదీ రాకుండానే 30 మంది శ్రమ మిగిలింది!

ఇందులోని కీలకం, ఒక వస్తువు కోసం వదులుకున్న మరో వస్తువే దాని అసలు ఖరీదు కావడం. పీపా కోసం పోర్చుగల్ వదులుకునేది 80/90, అంటే సుమారు 0.89 బేలు, ఇంగ్లండు వదులుకునేది 1.2 బేళ్లు. పీపాకు ఇన్ని బేళ్లన్న మారకం రేటు ఈ రెండింటి మధ్య ఎక్కడ కుదిరినా ఇద్దరికీ లాభమే. 0.89కి దగ్గరైన కొద్దీ ఇంగ్లండు వాటా, 1.2కి దగ్గరైన కొద్దీ పోర్చుగల్ వాటా పెరుగుతుంది. ఎక్కడ ఆగాలో గిరాకీ తేలుస్తుందని తర్వాత మరో అర్థశాస్త్రవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ వివరించాడు. అదే పోర్చుగల్‌లో పీపాకు 108 మంది కావలసివస్తే అక్కడి ఖరీదు కూడా 1.2 బేళ్లే అవుతుంది. పీపాలో ఇంగ్లండు కంటే 12 మంది తక్కువే పట్టినా వర్తకంతో ఎవరికీ ఒరిగేదేమీ ఉండదు. ఈ వాదానికే పేరైన ‘తులనాత్మక వ్యయ సిద్ధాంతం’ నిర్వచనాన్ని బట్టీ పట్టించే ముందు ఈ ఒక్క సంఖ్యను మార్చి చూపిస్తే విద్యార్థికి విషయం వెంటనే బోధపడుతుంది.

1846లో బ్రిటన్ ధాన్యపు దిగుమతి సుంకాల చట్టాలను రద్దు చేసిన నాటి నుంచి నేటి వాణిజ్య ఒప్పందాల దాకా స్వేచ్ఛా వర్తకాన్ని సమర్థించేవారు ఈ తర్కాన్నే ఆశ్రయిస్తున్నారు. అయితే ఇంగ్లండులో వైన్ పని పోయిన 120 మందిలో 100 మంది మగ్గం పని నేర్చుకోవాలనీ, మిగిలిన 20 మందికి వేరే పని దొరకాలనీ కూడా ఆ లెక్కలోనే ఉంది. పెట్టుబడి, శ్రమ సులువుగా దేశం దాటగలిగితే ఇంగ్లండు పెట్టుబడిదారులు బట్టను కూడా పోర్చుగల్‌లోనే నేయించడం లాభమనుకుంటారని రికార్డో అదే అధ్యాయంలో స్పష్టంగా రాశాడు.