విమానం బ్రేకులు చల్లారే దాకా

మా మేనకోడలు మొన్న శంషాబాద్‌లో ముంబై విమానం ఎక్కింది. అందరూ కూర్చున్నారు, సామాను ఎక్కించడం అయిపోయింది, ఇంధనం లారీ కూడా వెళ్లిపోయింది. విమానం మాత్రం కదలలేదు. "బ్రేకులు చల్లారాలి, ఇంకో పావుగంట పడుతుంది" అని పైలట్ మైకులో చెప్పాడట. దిగగానే నాకు ఫోన్: "మావయ్యా, బ్రేకులు పాడైన విమానంలో కూర్చోబెట్టారా మమ్మల్ని? ఒకటే టెన్షన్ పడ్డాను."

పాడవలేదమ్మా. అవి చేయాల్సిన పని చేశాయి కాబట్టే వేడెక్కాయి.

ఒక ప్రయాణం ముగిసి ఇంకోటి మొదలయ్యేలోపు నేల మీద జరిగే పనుల్లో ఊడ్చడం, భోజనాల ట్రాలీలు, సామాను బెల్టు కిటికీలోంచి కనిపించేవే. వాటిని వదిలేస్తాను. నన్ను కట్టిపడేసేది చక్రాల లోపల చడీచప్పుడు లేకుండా సాగే వేడి లెక్క.

గతిజశక్తి అంటే సగం ఇంటూ ద్రవ్యరాశి ఇంటూ వేగం వర్గం అని బళ్లో అందరం బట్టీ పట్టినవాళ్లమే. ఆ సూత్రంలో ఎప్పుడూ ఒక బంతినో రాయినో పెట్టి లెక్క చేయించేవారు. ఒక్కసారి విమానాన్ని పెట్టి ఉంటే జన్మలో మరిచిపోయేవాళ్లం కాదు. ఎయిర్‌బస్ ఎ320 దిగేటప్పుడు 64 టన్నుల బరువుందనుకుందాం. వేగం సెకనుకు 70 మీటర్లు, అంటే గంటకు 250 కిలోమీటర్ల పైన. లెక్క కడితే దాదాపు 157 మెగాజౌళ్లు వస్తుంది. మేడ మీది వెయ్యి లీటర్ల ట్యాంకులో సగానికి పైగా నీళ్లను మరిగే దాకా కాచే వేడి అది. అంత వేడినీ అర నిమిషంలో ఎక్కడో ఒకచోట వదిలించుకోవాలి.

అదంతా బ్రేకుల మీదే పడదు. రెక్కల మీద లేచే పలకలు, గాలి నిరోధం, ఇంజన్లు గాలిని ముందుకు తోసే రివర్స్ తోపు కలిసి కొంత భాగం మింగేస్తాయి. లెక్కలో వేగం వర్గం ఉండటం ఇక్కడ కలిసొస్తుంది. 70 మీటర్ల నుంచి 50 మీటర్లకు తగ్గేసరికే సగం శక్తి తీరిపోతుంది. మిగిలిన దాంట్లో చాలావరకు నాలుగు చక్రాల్లోని కార్బన్ డిస్కులు మోయాలి.

ఈ డిస్కుల తీరు అర్థం కావాలంటే దోసె పెనాన్ని చూడండి. పల్చటి పెనం ఇట్టే కాలి ఇట్టే చల్లారుతుంది. మందపాటి ఇనప పెనం వేడిని కడుపులో దాచుకుంటుంది. కార్బన్ ఇంకో అడుగు ముందుకేస్తుంది. కిలో కార్బన్ ఒక డిగ్రీ వేడెక్కడానికి గది ఉష్ణోగ్రత దగ్గర 0.7 కిలోజౌళ్లు చాలు, 300 డిగ్రీల దగ్గర దాదాపు రెట్టింపు కావాలి. అంటే కాలేకొద్దీ దాని కడుపు పెద్దదవుతుంది. అగ్ని క్షిపణి మళ్లీ వాతావరణంలోకి దూసుకొచ్చేటప్పుడు ముందుకొనను కాపాడే కార్బన్-కార్బన్ పదార్థం కూడా ఈ కుటుంబానిదే. దాని మీద పనిచేసింది హైదరాబాద్ ప్రయోగశాలే.

మొదటి దోసె అంటుకుపోతుంది కదా, పెనం ఇంకా కాలలేదని. కార్బన్ బ్రేకులదీ అదే గుణం. చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ అరుగుతాయి. అందుకే నేల మీద నడిపేటప్పుడు పదేపదే చిన్నగా తొక్కకుండా, కాస్త వేగం పుంజుకోనిచ్చి ఒక్కసారి గట్టిగా తొక్కమని పైలట్లకు చెబుతారు.

ఇంకోటి. పొయ్యి ఆపేశాక కూడా పెనం కాడకు కాసేపు వేడి పాకుతూనే ఉంటుంది. విమానం ఆగాక కూడా కాక్‌పిట్‌లో బ్రేకుల ఉష్ణోగ్రత పది, పదిహేను నిమిషాల పాటు పెరుగుతూనే కనిపించవచ్చు. డిస్కుల్లోని వేడి మెల్లగా సెన్సర్ దాకా చేరడమే కారణం.

ఎ320లో ఆ అంకె 300 డిగ్రీలు దాటి ఉంటే ఎగరకూడదు. ఎగిరాక చక్రాలు గాలాడని గూట్లోకి ముడుచుకుంటాయి. అక్కడ హైడ్రాలిక్ ద్రవం చుక్కలుగా కారి కాలే బ్రేకు మీద పడితే అంటుకుంటుంది. కొన్ని విమానాల్లో చక్రాలకు ఫ్యాన్లుంటాయి. అవి తిరుగుతుంటే హద్దు 150 డిగ్రీలే. గాలి సెన్సర్‌ను ముందే చల్లబరుస్తుంది, డిస్కు మాత్రం లోపల కాలుతూనే ఉంటుంది. నాకు ఈ వివరం భలే నచ్చుతుంది. థర్మామీటరు చెప్పేదాన్ని కూడా అది ఎక్కడుందో చూసుకుని నమ్మాలి.

మన ఎండలు బ్రేకుల వేడిని ఇంకా పెంచుతాయి. శంషాబాద్ సముద్రమట్టానికి 600 మీటర్ల పైన ఉంది. మే నెలలో 42 డిగ్రీలప్పుడు అక్కడి గాలి బాగా పల్చన. అదే విమానం అదే బరువుతో రెక్కల మీద నిలవాలంటే నిజమైన వేగం పెరగాలి. సముద్రమట్టంలో 15 డిగ్రీల చలితో పోలిస్తే దిగేటప్పటి శక్తి 18 శాతం దాకా ఎక్కువవుతుంది.

విమానం ఆగగానే చక్రాలకు అడ్డు దిమ్మలు పెడతారు. ఆ తర్వాత పార్కింగ్ బ్రేకు వదిలేస్తే డిస్కులు విడివడి గాలాడుతుంది. వేడి చక్రం దగ్గరికి ఇంజనీరు ముందునుంచో వెనకనుంచో వెళ్తాడు, పక్కనుంచి వెళ్లడు. చక్రం పగిలితే ముక్కలు పక్కకే ఎగురుతాయి. చల్లారిన బ్రేకు ఎంత అరిగిందో చూడటానికి అక్కడొక చిన్న పిన్ను ఉంటుంది. బ్రేకు పట్టి ఉంచినప్పుడు అది బయటికి ఎంత పొడుచుకొస్తే అంత ఆయుష్షు మిగిలినట్టు. అంచుతో సమానమైతే మార్చేయాల్సిందే. కొత్త బండి టైరు కింద నిమ్మకాయ పెట్టేవారిని నేను తప్పుపట్టను. నేను విమానం ఎక్కేది మాత్రం వంగి ఆ పిన్ను చూసిన మనిషి మీద నమ్మకంతో.

చక్రంలో ఫ్యూజ్ ప్లగ్ అనేది కూడా ఉంటుంది. కుక్కర్ మూత మీది సేఫ్టీ వాల్వు లాంటిదే. వేడి మితిమీరితే కరిగి, టైరు పేలకుండా గాలి వదిలేస్తుంది. టైర్లలో నింపేది మామూలు గాలి కాదు, మంటకు తోడ్పడని నైట్రోజన్. ఈ జాగ్రత్త వెనక ఒక ఘోరం ఉంది. 1986 మార్చి 31న మెక్సికో సిటీ నుంచి ఎగిరిన మెక్సికానా బోయింగ్ 727లో ఒక బ్రేకు వదలకుండా పట్టుకుని కాలిపోయింది. టైరులో ఉన్నది మామూలు గాలి. గూట్లోనే పేలి ఇంధనం, హైడ్రాలిక్ గొట్టాలను తెంచేసింది. 167 మంది చనిపోయారు.

ఇవన్నీ చెప్పాక మేనకోడలు అడిగింది: "మరి బ్రేకులు వేడెక్కాయని ఎగిరాక తెలిస్తే?" ఎ320లో అప్పుడు తెర మీద కంప్యూటరే చెబుతుంది, చక్రాలు దించమని. ఆకాశంలో కాసేపు అలా గాలికి ఆరబెట్టి, మళ్లీ లోపలికి తీసుకుంటారు.